అతుకుల బొంత

సంకీర్ణ ప్రభుత్వాన్ని వెక్కిరించాలన్నా, పొసగని సినిమా కథని తిట్టాలన్నా మనకి చటుక్కున దొరికే మాట ‘అతుకుల బొంత’. తిట్టు మిగిలింది, బొంతే ఇళ్ళలో కనిపించడం మానేసింది.

గన్నవరం ఉన్న కృష్ణా జిల్లాకి బట్టల చరిత్ర తక్కువేం కాదు. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ బందరులో దిగింది ఇక్కడి బట్టల కోసమే. అమ్మిన గుడ్డకి లెక్కలు రాశారు. బొంత అమ్మకానికి కుట్టేది కాదు. పాత నూలు చీరలు పొరలుగా పరిచి, చిరుగుల మీద ముక్కలేసి, మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక, పిల్లల చేత సూదిలో దారం ఎక్కించుకుంటూ ఆడవాళ్ళు కుట్టుకునేది. పసిబిడ్డ కింద పరిచి, ఉతికి ఉతికి, అరిగిపోయాక పారేసేది. ఇక దానికి లెక్కెవరు రాస్తారు?

బెంగాల్లో ఇదే పని ‘కాంథా’. 1939లోనే స్టెల్లా క్రామ్రిష్ దాని మీద వ్యాసం రాశారు. అమెరికాలో అలబామా రాష్ట్రపు గీస్ బెండ్‌లో నల్లజాతి స్త్రీలు పాత పనిబట్టలతో కుట్టిన క్విల్టులు 2002లో హ్యూస్టన్, న్యూయార్క్ మ్యూజియాల గోడలకెక్కాయి. అవీ చలికి కప్పుకోడానికి కుట్టినవే. కాకపోతే అక్కడ ఎవరో వచ్చి చూశారు, అడిగారు, రాసుకున్నారు.

మీ ఇంట్లో బీరువా అడుగున ఒక్క బొంత ఉన్నా, ఏ ముక్క ఎవరి చీరో చెప్పగలిగే మనిషి ఉండగానే అడిగి రాసిపెట్టుకోండి. ఆ తర్వాత అది ఉత్త పాతగుడ్డే.