తెలుగు క్రైస్తవ గృహంలో వేసవి: ఆరాధన, అలంకరణ, వంటల సామాజిక చరిత్ర

ప్రవేశిక

తెలుగు క్రైస్తవ సమాజ చరిత్రను రాసినవారు ఎక్కువగా సంఖ్యలను, సంస్థలను అనుసరించారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒకేరోజు 2,222 మంది బాప్తిస్మం పొందిన సంఘటన ఈ చరిత్రల్లో తరచుగా కనిపిస్తుంది. ఆ 2,222 మంది ఎటువంటి ఇళ్లకు తిరిగివెళ్లారు, ఆ పొయ్యిల మీద ఏముండేది, తరువాతి రెండు మూడు తరాలలో ఆ గోడల మీద, గడపల ముందు ఏం మారింది అన్న ప్రశ్నలకు మాత్రం అంత చోటు దక్కలేదు. మతాంతరీకరణను ఒక దినంగా చూసిన చరిత్ర, దాన్ని ఒక కాపురంగా చూడలేదు.

ప్రస్తుత వ్యాసం ఆ కాపురంలోని ఒక్క ఋతువును తీసుకుంటుంది. సెలవులు, ఇంటినిండా బంధువులు, ఆలయంలో ఈస్టరు ఆరాధన, సున్నం వేసిన గోడలు, ఎండలో ఆరబెట్టిన వంటకాలు: నేటి తెలుగు క్రైస్తవ కుటుంబాల జ్ఞాపకాలలో వేసవికి ఉన్న రూపం ఇది. చూడటానికి సహజంగా కనిపించే ఈ సంతోషం సహజమైనది కాదు. క్రైస్తవంలోకి వచ్చినవారిలో అత్యధికులైన మాల, మాదిగ కూలి కుటుంబాలకు వేసవి మొదట ఆకలి కాలం. ఆకలి కాలం పండుగ కాలంగా మారడం వెనుక నెల జీతం, బడి, ఆలయ పంచాంగం ఉన్నాయి. వాటికన్నా ఎక్కువగా, శ్రమగా లెక్కకెక్కని స్త్రీల శ్రమ ఉంది.

కూలి లేని కాలం

కోతలు, నూర్పిళ్లు ముగిశాక మెట్ట ప్రాంతంలో తొలకరి వరకు పొలంలో పని ఉండదు. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక డెల్టా పంటల తీరు మారింది. అయినా వేసవిలో కాలువలు కట్టివేసే రోజుల్లో అక్కడి కూలి కుటుంబానిదీ దాదాపు అదే స్థితి. గింజల రూపంలో ముట్టిన కూలి మహా అయితే చైత్రం దాకా వచ్చేది. తరువాత అంబలి, గంజి, చింతచిగురు, తాటిముంజలు, ఈతపండ్లు. చివరి రెండింటినీ నేటి పట్టణ పాఠకుడు వేసవి రుచులుగా స్మరిస్తాడు. గింజలు అయిపోయిన ఇంటికి అవి పూట గడిపే ఆధారాలు.

1876-78 నాటి కరవు ఈ వార్షిక కొరతను మహావిపత్తుగా మార్చింది. ఒంగోలులోని అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని గుత్తకు తీసుకొని పనులు కల్పించాడు. ఆ కాలమంతా బాప్తిస్మాలు నిలిపివేసి, సహాయం ముగింపుకు వచ్చాకే తిరిగి ప్రారంభించాడు. కూటి కోసం మతం మారారన్న ఆరోపణకు చోటివ్వకూడదన్నది ఆ నిర్ణయం వెనుక ఉన్న ఆలోచన. కరవు, కాలువ తవ్వకాల జ్ఞాపకాన్ని దళితుల వైపు నుంచి కథనం చేసిన నవల జి. కల్యాణరావు 'అంటరాని వసంతం' (2000). ఋతువు కూడా అంటరానిది కాగలదని ఆ శీర్షికే చెబుతోంది. కులాన్ని బట్టి ఋతువు మారుతుందన్న ఈ సూచనను చరిత్రకారులు ఇంకా తగినంతగా అందుకోలేదు.

ఈ కుటుంబాలలో కొన్నింటికి వేసవి ఎప్పుడు సెలవు అయింది? సమాధానం మిషను బడిలో దొరుకుతుంది. పల్లె బడిలో పాఠం చెప్పి, సాయంత్రం ప్రార్థన నడిపే ఉపాధ్యాయుడు, ఆయన భార్య, ఊరూరా తిరిగే బైబిలు స్త్రీ: నెలకు ఇంత అని చేతికి డబ్బు అందుకున్న తొలి దళిత కుటుంబాలలో వీరివి ముఖ్యమైనవి. జీతం స్వల్పమే. కాని అది పంట మీద ఆధారపడలేదు. బడి మూసినప్పుడు కూలి పోయినట్లు కాక, విశ్రాంతి దొరికినట్లు భావించగలగడం ఒక కొత్త అనుభవం. గుంటూరులో లూథరన్ సంఘం నడిపిన ఉపాధ్యాయ శిక్షణాలయంలో పనిచేసిన గుర్రం జాషువా (1895-1971) వంటి కవి ఈ బోధక వర్గం నుంచే వచ్చాడు. 'పంతులుగారి ఇల్లు' అన్న మాటకు క్రైస్తవపేటలో వచ్చిన గౌరవాన్ని ఈ నేపథ్యంలోనే అర్థం చేసుకోవాలి.

మట్టల ఆదివారం, సమాధుల తోట

ఈస్టరు మార్చి 22కు, ఏప్రిల్ 25కు మధ్య వస్తుంది. అంటే శ్రమకాలపు నలభై రోజులు తెలుగునాట మామిడి పూత, పిందె కాలంలో నడుస్తాయి. ఐరోపాలో వసంతాగమనాన్ని సూచించే పండుగ ఇక్కడ ఎండలు ముదిరే వేళకు వచ్చింది. ఈ కాలభేదాన్ని తెలుగు సంఘాలు తమ చెట్లతో, తమ పనిముట్లతో సర్దుకున్నాయి. యెరూషలేము ఖర్జూరపు మట్టలకు బదులు ఇక్కడ ఈత మట్టలు, తాటాకులు వచ్చాయి. 'మట్టల ఆదివారం' అన్న పేరు ఏ గ్రాంథిక అనువాదం కన్నా బలంగా నిలవడానికి కారణం ఆ మట్ట అప్పటికే ఇంటి వస్తువు కావడమే. ఇంటి కప్పు, చాప, విసనకర్ర, చీపురు అన్నీ ఆ జాతి చెట్లవే. పై కులాల ఉత్సవాలలో మామిడి తోరణానికి ఉన్న స్థానం ఇక్కడ ఈత మట్టకు దక్కింది. అయితే ఇది అన్ని శాఖలకూ సమానంగా వర్తించదు. లూథరన్, ఆంగ్లికన్, కాథలిక్ సంఘాలు శ్రమకాలాన్ని క్రమబద్ధంగా పాటించినంతగా బాప్తిస్టు సంఘాలు తొలినాళ్లలో పాటించలేదు.

ఈ కాలపు వేడుకల్లో చరిత్రకారులు ఆగి చూడవలసినది పునరుత్థాన ఆదివారపు వేకువ. ఆ ముందు రోజుల్లోనే కుటుంబాలు సమాధుల తోటకు వెళ్లి కలుపు తీసి, సమాధులకు సున్నం వేస్తాయి. తెల్లవారకముందే పూలతో, కొవ్వొత్తులతో వెళ్లి పాటలు పాడి, అక్కడి నుంచి ఆలయానికి నడుస్తాయి. శవసంస్కారానికి ఊరి చివర కాస్త చోటు కోసం పోరాడవలసివచ్చిన సమాజానికి, పేరు చెక్కిన సమాధి, దానికి ఏటా ఒక వేడుక ఉండటం సామాన్యమైన విషయం కాదు. పెద్దలను తలచుకొనే పాత ఆచారం సిద్ధాంతరీత్యా నిషిద్ధమైనా, ఈస్టరు వేకువలో మరో రూపంలో నిలిచిందని కూడా వాదించవచ్చు. నిషేధించినవారు దాన్ని గమనించారా అన్నది వేరే సంగతి.

ఎందుకంటే వేసవి ముదిరేసరికి పాశ్చాత్య మిషనరీలలో పలువురు మైదానాలలో ఉండేవారు కారు. అమెరికన్ మదురై మిషను 1845లో కొడైకెనాల్‌లో నెలకొల్పిన విడిదితో మొదలై, ఉదకమండలం, కూనూరు వంటి కొండ ఊళ్లు మిషనరీ కుటుంబాల వేసవి నివాసాలయ్యాయి. 1901లో కొడైకెనాల్‌లో వారి పిల్లలకు ప్రత్యేక పాఠశాల కూడా ఏర్పడింది. ఫలితంగా మే నెల తెలుగు పల్లె జీవితానికి మిషనరీ రచనలలో ప్రత్యక్ష సాక్షులు తక్కువ. ఆ వారాలలో ఆరాధన నడిపింది, రోగులను చూసింది, పెళ్లిళ్లు కుదిర్చింది దేశీయ బోధకులు, బైబిలు స్త్రీలు. తెలుగు క్రైస్తవ స్త్రీల పాత్రపై జేమ్స్ ఎలీషా తానేటి చేసిన పరిశోధన (2013) బైబిలు స్త్రీలను మిషనరీల సహాయకులుగా కాక స్వతంత్ర కర్తలుగా చూడవలసిన అవసరాన్ని చూపింది. ఆ స్వతంత్రతకు అనువైన ఋతువు వేసవి అని ఆ వాదనకు చేర్చవచ్చు.

సాయంత్రం పూట ఇంటి ముందు నీళ్లు చల్లి, మంచాలు వేసుకొని చేసే కుటుంబ ప్రార్థనకు కూడా ఈ ఋతువు రంగస్థలం ఇచ్చింది. పురుషోత్తమ చౌదరి (1803-1890) వంటివారు కీర్తనలను దేశీయ రాగతాళాలలో రచించడం వల్ల, హార్మోనియం లేని ఇంట్లో కూడా, చదువురాని అవ్వ నోట కూడా అవి నిలిచాయి. పెద్దల నోటి నుంచి పిల్లలకు పాటలు అందిన తీరును అధ్యయనం చేసేవారికి గ్రంథాలయం కన్నా ఈ వాకిలి ముఖ్యమైన స్థలం.

గోడ, గడప, అల్లిక

క్రైస్తవ గృహం ఎలా ఉండాలన్న విషయంలో మిషనరీలకు నిశ్చితమైన అభిప్రాయాలుండేవి. శుభ్రమైన గోడలు, గాలి ఆడే కిటికీ, ఉతికిన బట్టలు, గోడకు వాక్యం. వానలకు ముందు ఇల్లు బాగుచేసుకోవడం తెలుగు పల్లెకు కొత్త కాదు. కప్పు మార్చడం, గోడ మెత్తడం, పేడతో అలకడం, తీరంలో గుల్లసున్నం, తెలంగాణలో జాజు పూయడం ఎప్పటినుంచో వేసవి పనులే. కొత్తగా వచ్చింది గోడ మీది అక్షరం. తన ఇంటివారితో కలిసి యెహోవాను సేవిస్తానన్న యెహోషువ మాట రాసిన పటం, చదువుకు దూరంగా ఉంచబడిన ఇంట్లో వేలాడటం భక్తికి గుర్తు మాత్రమే కాదు. ఈ ఇంట్లో చదవగలవారు ఉన్నారన్న ప్రకటన కూడా.

గడప దగ్గర వివాదం తెగలేదు. ముగ్గు, బొట్టు, పసుపు వంటివి మతచిహ్నాలా, లేక తెలుగు స్త్రీల అలంకారాలా అన్న చర్చ సంఘాలలో పలుమార్లు తలెత్తింది. ఒక శాఖ వద్దన్నదాన్ని మరొక శాఖ చూసీచూడనట్లు వదిలింది. సిలువ, నక్షత్రం గీసిన ముగ్గులు ఈ రెంటి మధ్య స్త్రీలు కనుగొన్న మార్గం. అదే ప్రశ్నకు సంస్థాగత స్థాయిలో వచ్చిన సమాధానం దోర్నకల్‌లో కనిపిస్తుంది. 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా అభిషిక్తుడైన వి.ఎస్. అజరయ్య నిర్మింపజేసిన ప్రధానాలయం (1939) హిందూ, ముస్లిం వాస్తురీతులను కలుపుకొంది. బిషప్పు రాతిలో చేసిన పనికి గుర్తింపు వచ్చింది. గృహిణి పిండితో చేసిన పని సాయంత్రానికి చెరిగిపోయింది.

అలంకరణ చరిత్రలో కీలకమైన వస్తువు లేసు. నరసాపురం ప్రాంతంలో కొక్కేపు సూదితో అల్లే లేసును 19వ శతాబ్దంలో పరిచయం చేసింది మిషనరీలు. పేద క్రైస్తవ స్త్రీలకు ఇంట్లో కూర్చొని చేసుకొనే ఉపాధి అన్నది దాని తొలి ఉద్దేశం. తరువాత అది వ్యాపారుల చేతుల్లోకి, కాపు స్త్రీల ఇళ్లలోకి విస్తరించి ఎగుమతి పరిశ్రమ అయింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ప్రచురించిన గ్రంథం ఈ పరిశ్రమ గుట్టును విప్పింది. అల్లేవారు గృహిణులు కాబట్టి, వారిది తీరిక వేళల కాలక్షేపం కాబట్టి అతి తక్కువ ప్రతిఫలం చాలునన్న భావన మీదే లాభం నిలిచిందని ఆమె నిరూపించింది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఊరికి పేరు వచ్చింది. అల్లిన చేతికి ఎంత వచ్చిందన్న మీస్ ప్రశ్న మాత్రం పాతబడలేదు.

మీస్ విశ్లేషణను క్రైస్తవ గృహం లోపలికి కూడా తీసుకురావాలి. బల్లమీది గుడ్డ, కుర్చీ వీపు మీది అల్లిక, బైబిలు కింద పరిచే చిన్న చదరం, ఆలయంలో బలిపీఠపు వస్త్రం అంచు: ఇవన్నీ వేసవి మధ్యాహ్నాలలో తయారైన వస్తువులు. అమ్మకానికి అల్లిన చేతులే ఇంటికీ అల్లాయి. మొదటిదాన్ని వ్యాపారి తీరిక అన్నాడు. రెండవదాన్ని కుటుంబం ముచ్చట అంది. అలాగని ఆ అల్లికలోని ఆనందాన్ని కొట్టిపారేయడం కూడా అన్యాయమే. పక్కింటి పడుచులు నలుగురు అరుగు మీద చేరి, కొత్త పువ్వు నమూనాను ఒకరి నుంచి మరొకరు నేర్చుకొనే వేళ స్త్రీలకు తమదిగా మిగిలిన కొద్దిపాటి సమయం. దోపిడీ, సంతోషం ఒకే దారంలో ఉన్నాయన్నది ఇక్కడి వాస్తవం.

ఎండలో ఆరేవి

వేసవి వంటలో ప్రధాన సాధనం ఎండ. దాని సహాయంతో తెలుగు ఇళ్లలో తయారయ్యేవాటిలో వడియాలు, అప్పడాలు, ఊరగాయలు 'తెలుగువారి వంట'గా గ్రంథస్థమయ్యాయి. అదే ఎండలో, దండేనికి వేలాడదీసి ఆరబెట్టిన మాంసపు తునకలకు ఆ పుస్తకాలలో చోటు లేదు. పనిలేని నెలలకు, రాబోయే వానలకు మాంసాన్ని నిలవచేసుకొనే ఈ విద్య మాల, మాదిగ గృహిణులది. ఉప్పు, పసుపు ఎంత పట్టించాలి, ఎన్ని ఎండలు కావాలి అన్న లెక్క ఊరగాయ లెక్కకు ఏమాత్రం తీసిపోదు. మరాఠ్వాడా దళితుల ఆహారంపై షాహూ పాటోళే మరాఠీలో చేసినంత విస్తృతమైన కృషి తెలుగులో జరగవలసి ఉంది.

క్రైస్తవ మధ్యతరగతి ఏర్పడుతున్న క్రమంలో ఈ రెండు వంటలూ ఒకే ఇంట్లో కలిశాయి, ఘర్షణ కూడా పడ్డాయి. ఆవకాయకు నూనె, ఆవపిండి, కారం ఒకేసారి పెద్దమొత్తంలో కొనాలి. ఏరోజు గింజలు ఆరోజు దంచుకొనే ఇంటికి అది అందని పని. కనుక జాడీ నిండా ఆవకాయ పెట్టగలగడం నెలజీతం వచ్చిన ఇంటి గుర్తు. ఆ జాడీ ముందు గదిలోకి వచ్చినకొద్దీ తునకల దండెం పెరట్లోకి జరిగింది. అతిథికి వడ్డించేది ఒకటి, ఇంటివారు తినేది మరొకటి అయింది. మత సిద్ధాంతం ఏ ఆహారాన్నీ నిషేధించలేదు. సిగ్గును నేర్పింది ఊరు, కులం, బడిలో పక్కన కూర్చున్న పిల్లవాడి చూపు.

ఈస్టరు మధ్యాహ్న భోజనం ఈ మొత్తం చరిత్రకు ఒక సూక్ష్మరూపం. శ్రమకాలమంతా మాంసం మానినవారు ఆరోజు విరివిగా వండుకుంటారు. ఆడపడుచులు పుట్టింటికి వస్తారు. బిడ్డలకు కొత్తబట్టలు. వంటచేసే స్త్రీ మాత్రం వేకువ ఆరాధనకు వెళ్లాలంటే అర్ధరాత్రే లేవాలి. తోమి, నూరి, పొయ్యి రాజేసి, సమాధుల తోటకు పరుగెత్తి, తిరిగివచ్చి వడ్డించాలి. సువార్తల ప్రకారం ఖాళీ సమాధిని మొదట చూసిందీ వేకువనే పనిమీద బయలుదేరిన స్త్రీలే, చేతిలో సుగంధ ద్రవ్యాలతో.

ఆ వారం ముందు ఆలయం నుంచి తెచ్చుకున్న ఈత మట్టను కొన్ని ఇళ్లలో సిలువగా అల్లి తలుపు పైన దోపుతారు. సంవత్సరమంతా అది అక్కడే ఎండుతుంది. క్రమారాధన పాటించే సంఘాలలో మరుసటి ఏడు శ్రమకాలం మొదలయ్యే ముందు ఆ మట్టలను తిరిగి ఆలయానికి చేర్చి కాలుస్తారు. భస్మ బుధవారం నాడు నొసట పెట్టే బూడిద దాని నుంచే వస్తుంది. తలుపు పైన ఖాళీ అయిన చోట, మామిడి పూత రాలే వేళకు, మళ్లీ ఒక పచ్చి మట్ట వచ్చి చేరుతుంది.