లైన్ మీద ఎవరున్నారు?

న్యూజిలాండ్‌లో తొలి టెలిఫోన్ ఎక్స్ఛేంజి 1881 అక్టోబరులో క్రైస్ట్‌చర్చ్‌లో మొదలైంది. పట్నాల్లో ఇంటికో తీగ వేయగలిగారు. మైళ్ల దూరానికో గొర్రెల ఫారం ఉండే పల్లెసీమల్లో అది కుదిరే పని కాదు. అక్కడ నాలుగైదిళ్లకు, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ ఇళ్లకు, ఒకటే లైను. దాన్నే పార్టీ లైన్ అన్నారు.

నంబరు చివర ఇంటికో ఇంగ్లీషు అక్షరం ఉండేది. మోర్స్ కోడ్‌లో ఆ అక్షరం ఎలా పలుకుతుందో గంట అలాగే మోగేది. ‘డి’ అయితే ఒక పొడుగు, రెండు పొట్టి. తమ గంట గుర్తుపట్టి ఫోన్ ఎత్తాలి. కానీ పక్కింటివాళ్లు కూడా మెల్లగా రిసీవరెత్తి వింటే ఆపేదెవరు? అందుకే ఒక మర్యాద నిలబడింది. రిసీవరెత్తగానే ‘వర్కింగ్?’ అని అడగాలి. లైన్లో ఎవరూ లేరని తేలాకే ఎక్స్ఛేంజిని పిలవాలి. అక్కడ ఆపరేటరు ఎవరు కావాలో అడిగి కలిపేవారు. ట్రంకాల్ బుక్ చేసి కూర్చున్న మన పెద్దవాళ్లకు ఆ గొంతు ఎంత ముఖ్యమో తెలుసు. ఆటోమేటిక్ ఎక్స్ఛేంజీలు వచ్చాక మధ్యలో ఆ మనిషి లేకుండా పోయారు.

లైన్ మీద ఎవరున్నారన్న ప్రశ్న చాలా ఏళ్లకు వీడియో మీటింగుల్లో మళ్లీ ఎదురైంది. 2020 మార్చి 25 అర్ధరాత్రి కోవిడ్ వల్ల న్యూజిలాండ్ అంతా లాక్‌డౌన్‌లోకి వెళ్లింది. 31న పార్లమెంటు ఎపిడెమిక్ రెస్పాన్స్ కమిటీ, అప్పటి ప్రతిపక్ష నేత సైమన్ బ్రిడ్జెస్ అధ్యక్షతన, జూమ్ వీడియో కాల్‌లోనే సమావేశమైంది. ఆ రోజుల్లోనే ప్రపంచమంతటా పిలవనివాళ్లు మీటింగుల్లో చొరబడి అల్లరి చేస్తుంటే, ఏప్రిల్ 5 నుంచి జూమ్ చాలా ఖాతాలకు, మీటింగు నడిపేవారు రానిచ్చేదాకా వచ్చినవాళ్లను బయటే ఆపి ఉంచే వెయిటింగ్ రూమ్‌ను ముందే ఆన్ చేసి ఇచ్చింది.

అసలు చిక్కు మామూలు ఫోన్ నుంచి డయల్ చేసి చేరేవాళ్లతో. వాళ్లకు వీడియో లేదు, లాగిన్ లేదు. తెరమీద ఒక నంబరు మాత్రమే కనిపిస్తుంది, అందులోనూ కొన్ని అంకెలు మూసి ఉండొచ్చు. అలాగని ఫోన్ దారి మూసేయడం అన్యాయం. నెట్ సరిగా అందని ఫారంలో ఉన్న రైతుకూ, స్మార్ట్‌ఫోన్ చేతకాని అమ్మమ్మకూ ఉన్న దారి అదొక్కటే.

కాబట్టి మీటింగు నడిపేవారు వెయిటింగ్ రూమ్‌ను అందరికీ వర్తించేలా పెట్టండి. ఫోన్‌లో వచ్చినవారికి మినహాయింపు వద్దు. లోపలికి తీసుకోగానే పేరడిగి, నంబరున్న చోట ఆ పేరు రాయండి. ఆ అమ్మమ్మను మాత్రం ఎక్కువసేపు బయట నిలబెట్టకండి.