గడులా, పంక్తులా?

చిట్టా వ్రాయువాడు ముందుగా కాగితముమీద నిలువు గీతలు గీసికొనును. ఉత్తరము వ్రాయువాడు పైన తేది వేసి, ఎడమవైపు అంచు విడిచి మొదలుపెట్టును. రెండును కాగితముమీది వ్రాతలే. అయినను చిట్టాలో ప్రతి అంకెకును ఒక నియతమైన చోటున్నది; అంకె ప్రక్క గడికి జరిగినచో జమ ఖర్చగును. ఉత్తరములో అట్టి నిర్బంధము లేదు. మాట వెనుక మాట నడచుచుండును. చదువువాడు మొదటినుండి కడవరకు ఆ నడక వెంటనే పోవును.

నేడు ఇండ్లలోను, కచేరీలలోను కంప్యూటరుపై వాడుకలోనున్న స్ప్రెడ్‌షీట్ చిట్టాకు వారసురాలు; వర్డ్ ప్రాసెసర్ ఉత్తరమునకు వారసుడు. ఏ పనికి ఏది చేపట్టవలెననునది చిన్న ప్రశ్నగానే తోచును. కాని పనికి తగని సాధనమును చేపట్టుటవలన 2020లో ఇంగ్లండున వేలమంది ఆరోగ్యమునకు సంబంధించిన కార్యము కొన్ని దినములు కుంటుపడినది. ఆ సంగతికి వచ్చుటకు ముందు ఈ రెండు సాధనముల పుట్టుక తెలిసికొనవలెను.

టైపు యంత్రముపై పనిచేసినవారికి దాని కష్టము తెలియును. పుట చివర ఒక వాక్యము మార్చవలసివచ్చినచో పుటనంతయు మరల కొట్టవలెను. 1964లో ఐ.బి.యం. సంస్థ టైపు యంత్రమునకు అయస్కాంతపు టేపును జోడించి అమ్మకమునకు తెచ్చినది. కొట్టిన అక్షరములు టేపుపై నిలుచును. తప్పున్నచోట దిద్దిన పిమ్మట తక్కిన భాగమును యంత్రమే కొట్టిపెట్టును. 1976లో వాంగ్ సంస్థ వ్రాతను తెరపై చూచుచు దిద్దుకొను యంత్రమును వెలువరించినది. ఆ సంవత్సరముననే అమెరికాలో మైకేల్ ష్రేయర్ అనునాతడు చిన్న కంప్యూటర్ల కొరకు ‘ఎలక్ట్రిక్ పెన్సిల్’ అను సాధనమును రచించెను. తరువాత ‘వర్డ్‌స్టార్’, 1983లో మైక్రోసాఫ్ట్ వారి ‘వర్డ్’ వచ్చినవి. వీనియన్నిటి ఉద్దేశము ఒక్కటియే: దిద్దినందుకు తిరిగి వ్రాయు శిక్ష ఉండరాదు.

స్ప్రెడ్‌షీట్ కథ ఇంతకంటె వినదగినది. ఆ పేరు కంప్యూటరుకంటె పాతది. గణకులు ఎదురెదురు పుటలను పరచి, వాని పొడవునను నిలువు వరుసలు గీసి లెక్కలు వ్రాయు పెద్ద కాగితమునకు ఆ పేరుండెను. 1978లో డాన్ బ్రిక్లిన్ అను యువకుడు హార్వర్డ్ బిజినెస్ స్కూలులో చదువుచుండెను. అచట అధ్యాపకులు నల్లబల్లపై ఒక సంస్థ ఉత్పత్తి లెక్కలను గడులు గడులుగా వ్రాసి వివరింతురు. నడుమ ఒక అంకె తప్పని తేలినను, మారినను దానిపై ఆధారపడిన అంకెలనన్నిటిని తుడిచి మరల వ్రాయవలెను. ఈ తుడుపుడు పని తానే చేసికొను నల్లబల్ల యుండినచో ఎట్లుండునని బ్రిక్లిన్ ఊహించెను. ఆతని మిత్రుడు బాబ్ ఫ్రాంక్‌స్టన్, యంత్రకాలము చవుకగా దొరకు రాత్రివేళలలో కూర్చుండి, ఆ ఊహకు రూపము కల్పించెను. అదియే 1979లో ఆపిల్ 2 కంప్యూటరుపై వెలువడిన ‘విసికాల్క్’. దానిలో 63 నిలువు వరుసలు, 254 అడ్డు వరుసలు మాత్రమే యుండెను. అయినను ఈ సాధనము కొరకే కంప్యూటరును కొనిన వ్యాపారులు పెక్కుమంది.

ఇందొక విశేషము కలదు. హార్వర్డునకు పోవుటకు ముందు బ్రిక్లిన్ డిజిటల్ ఎక్విప్‌మెంట్ అను సంస్థలో పనిచేసెను. అచట ఆతడు చేసినది వర్డ్ ప్రాసెసర్ నిర్మాణము! ఇది కేవలము యాదృచ్ఛికము కాదని నా తలంపు. మాటలను సులువుగా దిద్దుట యెట్లో యెరిగినవాడే అంకెలను దిద్దుటలోని చిక్కును గుర్తింపగలిగెను. మాటను దిద్దినచో ఆ దిద్దుబాటు అచటనే నిలుచును; క్రింది పంక్తులు కొంచెము జరుగునేగాని వాని అర్థము తనంత తాను మారదు. అంకెను దిద్దినచో ఆ దిద్దుబాటు ముందుకు పరుగెత్తును.

పెండ్లివారి ఇంటిని తలచుకొనుడు. శుభలేఖ వర్డ్ ప్రాసెసర్ పని. అందు ఒక విశేషణము మార్చినచో ముహూర్తము మారదు. ఖర్చుల అంచనా స్ప్రెడ్‌షీట్ పని. భోజనమునకు 300 మంది యనుకొన్నది 350 యైనచో బియ్యము, కూరలు, విస్తళ్ళు, వంటవారి కూలి అన్నియు తామే మారవలెను. ఇదే అంచనాను వర్డ్ ప్రాసెసర్‌లో పట్టికగా కొట్టియుంచినచో, ఒక అంకె మార్చినను అడుగున మొత్తము పాతదే నిలిచి నమ్మకముగా అబద్ధము చెప్పుచుండును. మరి బంధువుల జాబితా? దానిలో కూడికలు లేవు గదా యని కొందరు శంకింపవచ్చును. కాని ఊరివారీగా ఏర్పరచుటకు, శుభలేఖ అందనివారిని వేరుచేయుటకు గడులే మేలు. ఆ గడులలోని చిరునామాలను లేఖలోనికి ఒక్కొక్కటిగా దింపి అచ్చువేయు ఉపాయము కూడ కలదు. అపుడు రెండు సాధనములును జతగా పనిచేయును.

1983లో ‘లోటస్ 1-2-3’, 1985లో ‘ఎక్సెల్’ వచ్చిన పిమ్మట గడుల వ్యామోహము హద్దుమీరినది. జపాను కచేరీలలో ఎక్సెల్ గడులను సన్నని చదరములుగా కుదించి, దానిని గళ్ళ కాగితమువలె వాడి దరఖాస్తు ఫారములను తీర్చిదిద్దు అలవాటు ప్రబలినది. చూపునకు ముచ్చటగా నుండును. అందలి సమాచారమును తిరిగి తీసికొనుట మాత్రము నరకము.

ఇక ఇంగ్లండు సంగతి. 2020లో కోవిడ్ పరీక్షల ఫలితములను ప్రజారోగ్య సంస్థవారు పాత రకపు ఎక్సెల్ దస్త్రములలో చేర్చుచుండిరి. ఆ రకపు దస్త్రమునకు 65,536 అడ్డు వరుసలే హద్దు. ఒక్కొక్క రోగి వివరములకు అనేక వరుసలు పట్టుటచే దస్త్రములు త్వరలోనే నిండిపోయినవి. మిగిలినవి జారిపోయినవి. సెప్టెంబరు 25 మొదలు అక్టోబరు 2 వరకు 15,841 మంది లెక్కలోనికి రాలేదు. రోగులకు తమ ఫలితము తెలిసినది; కాని వారితో కలసిమెలసి తిరిగినవారిని హెచ్చరించు పని ఆలస్యమైనది. అంటువ్యాధి దినములలో అట్టి ఆలస్యమునకు మూల్యమెంతయో చెప్పనక్కరలేదు. ఇచట కావలసినది స్ప్రెడ్‌షీటును గాదు, వర్డ్ ప్రాసెసరును గాదు. ఎన్ని నమోదులనైనను క్రమముగా భద్రపరచు డేటాబేస్. చేతికి అలవాటైన సాధనమే అన్నిటికిని చాలునని అనుకొనిరి.

స్ప్రెడ్‌షీటునకు మరియొక గుణము కలదు: అది ఊరకుండదు. వ్రాసినదానిని తన తెలివితో అర్థము చేసికొనబోవును. మానవుని జన్యువులలో కొన్నిటికి ‘మార్చ్ 1’, ‘సెప్ట్ 2’ వంటి సంకేత నామములుండెను. వానిని గడిలో వ్రాయగనే ఎక్సెల్ తేదీలుగా మార్చివేయుచుండెను. ప్రముఖ పత్రికల వ్యాసములకు అనుబంధములైన జన్యు పట్టికలను పరిశీలింపగా ఇంచుమించు ఐదింట ఒక వ్యాసమున ఇట్టి తప్పులున్నట్లు 2016లో తేలినది. సాధనము మారలేదు, పేర్లే మారవలసివచ్చినది. 2020 నాటికి ‘మార్చ్ 1’ను ‘మార్చ్ ఎఫ్ 1’ అనియు, ‘సెప్ట్ 2’ను ‘సెప్టిన్ 2’ అనియు పండితులు సవరించిరి. ఈ మార్పును వద్దని చెప్పు వీలును ఎక్సెల్ 2023లో గాని కల్పింపలేదు.

గృహస్థులకు ఇది దూరపు మాట కాదు. ఫోను సంఖ్యకు ముందున్న సున్నను స్ప్రెడ్‌షీట్ నిష్ప్రయోజనమని తీసివేయును. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెలను మాత్రమే గుర్తుంచుకొనును. బ్యాంకు ఖాతా సంఖ్యయో, 16 అంకెల కార్డు సంఖ్యయో గడిలో వ్రాసినచో పదునైదవ అంకెకు ఆవలనున్నవి సున్నలగును. కూడుటకు గాని తీసివేయుటకు గాని పనికిరాని సంఖ్య నిజమునకు సంఖ్య కాదు. అంకెల వేషము వేసిన పేరు. అందుచే అట్టివి వ్రాయు నిలువు వరుసను వ్రాయుటకు ముందే ‘టెక్స్ట్’ అని నిర్ణయింపవలెను. వ్రాసిన తరువాత నిర్ణయించినచో పోయిన అంకెలు తిరిగి రావు.