సైకడెలిక్: తెగిపోయిన సగం

పాత రికార్డులు పోగేసేవాళ్లు సైకడెలిక్ అని పూర్తిగా అనరు. ‘సైక్’ అంటారు. సైక్ ఫోక్, సైక్ పాప్, హెవీ సైక్. 2008లో మొదలైన బ్రిటన్ చిన్న లేబుల్ ఫ్రుయీ ద మేర్ ఏడంగుళాల సింగిళ్లు వేసి ఈ అభిమానుల్లోనే పేరు తెచ్చుకుంది. (ఫ్రెంచిలో ఆ మాటకు రొయ్యలూ పీతలూ వగైరా అని అర్థం, పాటలతో వాటికేం చుట్టరికమో పెట్టినవాళ్లకే తెలియాలి.) ఆ సింగిళ్లు చేరేదీ సైక్ అరలోకే. అలా మాట సగానికి తెగింది. పోయిన సగంలోనే దాని అసలు పని ఉంది.

ఈ మాటను పుట్టించింది పాటగాళ్లు కాదు, ఒక డాక్టరు. కెనడాలోని వేబర్న్ మానసిక వైద్యశాలలో పనిచేసిన హంఫ్రీ ఆస్మండ్. 1953లో రచయిత ఆల్డస్ హక్స్‌లీకి మెస్కలిన్ అనే మందు ఇచ్చింది ఆయనే. అలాంటి మందుల్ని అప్పట్లో ‘ఉన్మాదాన్ని అనుకరించేవి’ అనే అర్థమొచ్చే పేరుతో పిలిచేవారు. ఆస్మండ్‌కు రోగం వాసన లేని మాట కావాలి. 1956లో ఇద్దరూ ఉత్తరాల్లో ప్రాసలు కట్టి మరీ పేర్లు పంపుకున్నారు. హక్స్‌లీ ‘ఫనెరోథైమ్’ అన్నాడు, అది బట్టకట్టలేదు. ఆస్మండ్ గ్రీకులోంచి ‘సైకీ’ని, ‘డీలోస్’ని తెచ్చి అతికించాడు. మొదటిది మనసు, రెండోది తేటతెల్లం. మనసును బయటపెట్టేది అన్నమాట.

గ్రీకు సమాసాల పద్ధతిలో అయితే అది ‘సైకోడెలిక్’ కావాలి. ఆస్మండ్ ఆ పద్ధతిని పక్కనపెట్టడమే మంచిదయింది. సైకో అంటే ఎవరో మన సినిమా ప్రేక్షకులకు ఒకరు చెప్పక్కర్లేదు.

తెలుగులో ఈ మందుల గురించి రాసేటప్పుడు భ్రాంతి కలిగించేవి అంటుంటాం. అంటే ఆస్మండ్ వదిలించుకోవాలనుకున్న చోటికే ఆయన్ను మళ్లీ లాక్కొచ్చాం. డీలోస్ చూపిస్తుంది, భ్రాంతి లేనిదాన్ని ఉన్నట్టు చేస్తుంది. అయినా ఆ అనువాదాన్ని పూర్తిగా తిట్టబుద్ధి కావడం లేదు. భ్రాంతికీ భ్రమణానికీ ధాతువు ఒకటే, తిరగడం. నిమిషానికి 45 చుట్లు తిరిగే బిళ్ల మీద వచ్చే సంగీతానికి అంతకంటే సరిపోయే ధాతువు ఎక్కడ దొరుకుతుంది?

పాటగాళ్ల చేతికి వచ్చాక ‘బయటపెట్టడం’ ఒక చేతిపని అయింది. 1966లో బీటిల్స్ ‘రెయిన్’ పాట వాద్యాలను వేగంగా వాయించి రికార్డు చేసి, టేపు వేగం తగ్గించి బరువెక్కించారు; చివర్లో గొంతును వెనక్కి తిప్పి వినిపించారు. అదే ఏడాది హ్యూస్టన్‌లోని చిన్న కంపెనీ ఇంటర్నేషనల్ ఆర్టిస్ట్స్, టెక్సస్ కుర్రాళ్ల బృందం థర్టీన్త్ ఫ్లోర్ ఎలివేటర్స్ ఆల్బమ్‌ను పేరులోనే సైకడెలిక్ అన్న మాట పెట్టి విడుదల చేసింది. అందులో టామీ హాల్ వాయించింది జాడీ. మూతి దగ్గర మైకు పెట్టి, గొంతుతో గుడగుడమనే చప్పుళ్లు దాన్లోకి వదిలేవాడు. పాట ఎటు పోతున్నా ఆ గుడగుడ ఆగదు. నా మటుకు నాకు, సితార్ తగిలించుకున్న సవాలక్ష పాటల కన్నా ఈ జాడీయే ఆ మాటకు దగ్గర.

సింగిల్ మాత్రం ఈ వ్యవహారానికి ఇరుకు కొంప. డోర్స్ బృందం పాట ‘లైట్ మై ఫైర్’ ఆల్బమ్‌లో ఏడు నిమిషాలు, 1967 నాటి సింగిల్‌లో మూడు నిమిషాల లోపే. కోత పడింది మధ్యలో వాయించిన భాగాలకు, అంటే మనసు విప్పుకున్న చోటుకే. కారణం చిన్న పాటలే కోరే రేడియో ఒక్కటే కాదు. బిగ్గరగా మోగే బేస్‌కు రికార్డు మీది గాడి వెడల్పుగా ఊగాలి, ఊగితే చోటు తింటుంది. పైగా ముల్లు మధ్యకు జరిగేకొద్దీ ఒక్కో చుట్టుకు గాడి పొడవు తగ్గి, సన్నటి స్వరాలు మసకబారతాయి. ఏడంగుళాల మీద వేసేవాళ్లకు ఇప్పటికీ ఇదే లెక్క; పొడుగు పాట కావాలంటే శబ్దం తగ్గించాలి, శబ్దం కావాలంటే పాట తగ్గించాలి. రికార్డును దీపం కింద కాస్త వంచి పట్టుకుంటే ఆ బేరం ఎక్కడ ఎలా కుదిరిందో గాడిలో తెలిసిపోతుంది. నెమ్మది చోట్ల నునుపు, హోరు చోట్ల గరుకు మెరుపు. సైక్ అరలోని సరుకులో డీలోస్ మిగిలింది ఇక్కడే.