ఆల్టర్నేటర్ క్లచ్ పుల్లీ: పరిణామం, పనితీరు, లోపనిర్ధారణ - ఒక చారిత్రక పరిశీలన

సారాంశం:

మోటారు వాహనంలో బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటరుకు తొలినాళ్ళలో అమర్చిన పుల్లీ ఒక సాధారణ లోహచక్రం. 1990ల దశకంలో దానిలోనికి ఏకదిశా క్లచ్ ప్రవేశించింది. ఈ మార్పునకు దారితీసిన సాంకేతిక కారణాలను, దానివల్ల లోపనిర్ధారణ పద్ధతిలో వచ్చిన మార్పును వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: డైనమో, ఆల్టర్నేటర్, బెల్టు, ఏకదిశా క్లచ్, లోపనిర్ధారణ.

1. ఉపోద్ఘాతం:

1912లో కాడిలాక్ కారులో విద్యుత్ స్టార్టర్ ప్రవేశించిన తరువాత కారుకు విద్యుత్తు నిత్యావసరమైంది. నాటి నుండి సుమారు అర్ధశతాబ్దం పాటు ఆ అవసరాన్ని డైనమో తీర్చింది. ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు డైనమో తగినంత విద్యుత్తును ఇవ్వలేదు. దాని కమ్యుటేటర్ మితిమీరిన వేగాన్ని తట్టుకోలేదు. సిలికాన్ డయోడ్లు అందుబాటులోకి వచ్చాక ఏకాంతర విద్యుత్తును వాహనంలోనే ఏకముఖ విద్యుత్తుగా మార్చడం సులభమైంది. 1960లో క్రైస్లర్ సంస్థ వేలియంట్ కారుతో ఆల్టర్నేటరును ప్రవేశపెట్టింది. తెలుగునాట వర్క్‌షాపులలో నేటికీ ఆల్టర్నేటరును 'డైనమో' అని పిలవడం వినిపిస్తుంది. యంత్రం మారినా పేరు నిలిచిపోయిందనడానికి ఇది ఒక నిదర్శనం.

2. సమస్య పుట్టుక:

నాలుగు సిలిండర్ల ఫోర్-స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంక్‌షాఫ్ట్ ఒకసారి తిరిగేలోగా రెండు దహనాలు జరుగుతాయి. ప్రతి దహనంతో షాఫ్టు వేగం పెరుగుతుంది. తదుపరి సంపీడనంతో తగ్గుతుంది. కాబట్టి క్రాంక్‌షాఫ్ట్ భ్రమణం సమవేగంతో సాగదు. సంపీడనం ఎక్కువగా ఉండే డీజిల్ ఇంజన్లలో, అందునా ఐడిల్ వేగంలో, ఈ హెచ్చుతగ్గులు తీవ్రంగా ఉంటాయి.

ఆల్టర్నేటర్ రోటారు బరువైనది. అది క్రాంక్‌షాఫ్ట్ కంటే రెండున్నర నుండి మూడు రెట్ల వేగంతో తిరుగుతుంది. క్రాంక్‌షాఫ్ట్‌కు తెలిసే రోటారు జడత్వం ఈ వేగ నిష్పత్తి వర్గానికి అనులోమంగా ఉంటుంది. అనగా నిష్పత్తి మూడైతే ఆ భారం తొమ్మిది రెట్లవుతుంది. క్రాంక్‌షాఫ్ట్ వేగం తగ్గిన క్షణంలో రోటారు మాత్రం పాత వేగంతోనే సాగాలని చూస్తుంది. ఈ పెనుగులాట అంతా బెల్టుపై పడుతుంది.

ఒక్కొక్క పరికరానికి వేర్వేరు వి-బెల్టులు ఉన్న కాలంలో ఈ ఒత్తిడి చాలావరకు ఆయా బెల్టులకే పరిమితమయ్యేది. 1979 నాటి ఫోర్డ్ మస్టాంగ్ వంటి కార్లతో అన్ని పరికరాలనూ నడిపే ఒకే సర్పెంటైన్ బెల్టు, దానిని బిగించి ఉంచే స్ప్రింగ్ టెన్షనర్ వాడుకలోకి వచ్చాయి. ఇంజన్ ముందు భాగంలో స్థలం కలిసివచ్చింది. కాని ఆల్టర్నేటర్ వద్ద పుట్టిన కుదుపు నీటి పంపు, స్టీరింగ్ పంపు, ఏ.సి. కంప్రెసర్ల దాకా పాకింది. 1989లో ఆడి 100 కారుతో వచ్చిన టి.డి.ఐ. ఇంజన్, ఆ తరువాతి డైరెక్ట్ ఇంజెక్షన్ డీజిళ్ళు ఐరోపాలో ప్రచారం పొందడంతో పరిష్కారం అనివార్యమైంది.

3. పరిష్కారం - పనితీరు:

ఏకదిశా క్లచ్ సూత్రం కొత్తది కాదు. తొక్కడం ఆపినా సైకిల్ చక్రాన్ని తిరగనిచ్చే ఫ్రీవీల్‌లో ఉన్నది ఇదే. పుల్లీ బయటి వలయానికి, రోటారు షాఫ్టుపై బిగించిన లోపలి భాగానికి మధ్య వాలు తలాలపై రోలర్లు ఉంటాయి. బెల్టు లాగినప్పుడు రోలర్లు ఇరుకున పడి రెండు భాగాలనూ కలుపుతాయి. బెల్టు వేగం తగ్గగానే రోలర్లు వదులై రోటారు స్వేచ్ఛగా ముందుకు సాగుతుంది. తరువాతి రకంలో క్లచ్‌తోపాటు ఒక స్ప్రింగును చేర్చారు. మొదటి రకం వేగం తగ్గేటప్పటి కుదుపును మాత్రమే తప్పించగా, రెండవది వేగం పెరిగేటప్పటి తాకిడిని కూడా మెత్తబరుస్తుంది.

4. లోపనిర్ధారణ:

పాత పుల్లీలో చెడేందుకు భాగాలు లేవు. ఛార్జింగ్ ఆగితే బెల్టును, ఆ తరువాత ఆల్టర్నేటరును అనుమానించడం సరిపోయేది. క్లచ్ రాకతో ఈ తర్కం చెల్లకుండా పోయింది. క్లచ్ రెండు పరస్పర విరుద్ధ రీతులలో విఫలమవుతుంది.

అ) బిగుసుకుపోవడం: పుల్లీ తిరిగి పాత లోహచక్రమవుతుంది. ఛార్జింగ్ సక్రమంగా ఉండడం వల్ల అనుమానం ఆల్టర్నేటర్ వైపు పోదు. ఐడిల్‌లో టెన్షనర్ చేయి అదురుతుంది, బెల్టు కీచుమంటుంది. కారణం తెలియక బెల్టును, టెన్షనరును మార్చినా అవి మళ్ళీ త్వరగా అరుగుతాయి.

ఆ) జారిపోవడం: పుల్లీ తిరుగుతున్నా రోటారు తిరగదు. బ్యాటరీ దీపం వెలుగుతుంది. ఇంజన్ నడిచేటప్పుడు సాధారణంగా ఉండవలసిన 13.5 నుండి 14.5 వోల్టులు కనిపించవు. ఇక్కడ నిర్దోషియైన ఆల్టర్నేటర్ మార్పిడికి గురయ్యే ప్రమాదం ఉంది.

పరీక్ష సులభమైనదే. ఇంజన్‌ను ఆపి, బెల్టు తీసి, పుల్లీ ముందరి మూతను తొలగించి, తగిన పనిముట్టుతో రోటారు షాఫ్టును కదలకుండా పట్టుకోవాలి. మొదటి రకం పుల్లీ ఇంజన్ తిరిగే దిశలో వెంటనే పట్టాలి. వ్యతిరేక దిశలో స్వేచ్ఛగా తిరగాలి. స్ప్రింగ్ ఉన్న రకంలో మొదటి దిశలో స్ప్రింగు ప్రతిఘటన క్రమంగా పెరగాలి. రెండవ దిశలో స్వల్ప ఒరిపిడితో తిరగాలి. రెండు దిశలలోనూ పట్టినా, రెండు దిశలలోనూ జారినా, గరగరమన్నా పుల్లీని మార్చవలసిందే. క్లచ్ పుల్లీ స్థానంలో సాధారణ పుల్లీని బిగిస్తే ఛార్జింగ్ తిరిగి వస్తుంది గాని, తొలి సమస్య కూడా దానితోపాటే తిరిగి వస్తుంది.

5. ముగింపు:

- క్లచ్ పుల్లీ ఆల్టర్నేటర్ అవసరం వల్ల మాత్రమే పుట్టలేదు. ఒకే బెల్టు, డీజిల్ ఇంజన్, అధిక వేగ నిష్పత్తి అనే మూడు పరిణామాల కలయిక వల్ల అది అవసరమైంది.
- బెల్టు, టెన్షనర్ల ఆయుష్షు పెరిగింది. అందుకు ప్రతిగా అరిగే భాగం ఒకటి కొత్తగా చేరింది.
- లోపం కనిపించే చోటు, లోపం ఉన్న చోటు వేరయ్యాయి. భాగం ఆకారాన్ని కాక అది ఏ సమస్యకు సమాధానంగా పుట్టిందో తెలుసుకోవడం లోపనిర్ధారణకు తొలిమెట్టు. సాంకేతిక చరిత్ర అధ్యయనానికి ఉన్న ఆచరణాత్మక ప్రయోజనం ఇక్కడ స్పష్టమవుతుంది.