గ్రామఫోను ప్లేటు – గూడూరు అభ్రకము

గూడూరు, సైదాపురము ప్రాంతముల పెద్దలకు కాకిబంగారమును గూర్చి నేను క్రొత్తగా చెప్పవలసినది లేదు. త్రోవలోని మన్ను ఎండలో తళతళలాడుట మీరెరిగినదే. ఆ యభ్రకమునకును సంగీతమునకును గల చుట్టరికమును మాత్ర మిప్పుడు మనవి చేసెదను.

ఇరువదవ శతాబ్ద్యారంభమున గ్రామఫోనునకు విద్యుత్తు లేదు. ప్లేటుమీది గాడిలో సూది కదలగా, ఆ కదలికను ధ్వనిగా మార్చునది సౌండుబాక్సులోని పలుచని అభ్రకపు బిళ్ళ. తేలికయై, బిగువై, తేమకు చెడనిదగుటచే దాని నెన్నుకొనిరి. నాటి నెల్లూరు జిల్లా అభ్రకము పచ్చని చాయ గలది. పందొమ్మిదవ శతాబ్ద్యంతము నుండి ఇచట గనులు త్రవ్వి, సరకును చెన్నపట్టణము మీదుగా ఇంగ్లండునకు పంపుచుండిరి. గనిలో రాయి పగులగొట్టుట ఎక్కువగా మగవారి పని. షెడ్డులో కూర్చుండి పొరలు చీల్చి, మచ్చలు చూచి, అంచులు కత్తిరించుట ఆడువారి పని. వెండ్రుకకన్న పలుచని పొరను చినుగకుండ తీయుట ఎంత నేర్పో చేసినవారికే తెలియును. కూలి మాత్రము స్వల్పము. సంగీత చరిత్ర వ్రాయువారు గాయకుని పేరును, కంపెనీ ముద్రను తలంతురు గాని ఈ చేతులను తలంపరు. ఇది నాకు న్యాయముగా తోచదు.

1925లో విద్యుత్తుతో రికార్డు చేయు పద్ధతి వచ్చెను. అభ్రకపు బిళ్ళకు మారుగా సౌండుబాక్సులో లోహపు రేకు చేరెను. అంతటితో చుట్టరికము తెగినదా? లేదు. వేడిమికి కరుగక, విద్యుత్తును పోనీయక నిలుచు పదార్థము రేడియో వాల్వులకును, కండెన్సరులకును కావలసివచ్చెను. ఆ వాల్వులే తరువాత గిటారు ధ్వనిని పెంచు యాంప్లిఫైయరులలోను చేరినవి.

1948లో అమెరికాలో కొలంబియావారు వినైలు ప్లేటును తెచ్చిరి. లక్కతో చేసిన పాతది మూడు నిమిషములలో ముగియుచుండగా, ఇది ఒక్కొక్క వైపు ఇరువది నిమిషములకు పైగా పాడును. ఆ వ్యవధి సంగీతపు పోకడనే మార్చినది. నార్వే దేశీయుడగు తెర్యే రిప్‌డాల్ అను గిటారు వాద్యకుడు 1975లో ‘ఒడిస్సీ’ అను రెండు ప్లేటుల కూర్పును, మ్యూనిచ్ నగరపు ఇ.సి.ఎం. సంస్థ ద్వారా వెలువరించెను. జాజు, రాకు అను రెండు పాశ్చాత్య రీతులు అందు కలిసినవి. స్వరమునకు తొందర లేదు. మన ఆలాపన రుచి తెలిసినవారికి అది అంత పరాయిగా తోచదు. నాలుగవ వైపంతయు ఒకే రచన, ఇంచుమించు ఇరువదినాలుగు నిమిషములు! తరువాత సి.డి.గా ముద్రించినపుడు ఒక్క బిళ్ళలో పట్టక ఆ రచననే విడిచివేసిరి. 2012లో గాని మరల చేర్చలేదు.

1947లో పుట్టిన ట్రాన్సిస్టరు క్రమముగా వాల్వులను వెనుకకు నెట్టినది. గిరాకి తగ్గిన కొలది మన ప్రాంతపు గనులు పెక్కు మూతబడినవి. గిటారు వాద్యకులలో మాత్రము అనేకులు నేటికిని వాల్వు యాంప్లిఫైయరునే కోరుదురు. ఆ వాల్వు గాజులోనికి చూచినచో, లోహభాగములను పైన నొకటి, క్రింద నొకటిగా పట్టియుంచు అభ్రకపు బిళ్ళలు అగపడును.