బొంత, ఇస్త్రీ, చీరాల

‘ఇస్త్రీ’ అనే మాటకు మూలం పోర్చుగీసులోని ‘ఎస్తిరార్’ అంటారు, అర్థం సాగదీయడం. బొంత కుట్టేవారికి భయమూ అదే. ఏటవాలుగా కత్తిరించిన నేతముక్క తేలికగా సాగుతుంది. అతుకు మీద ఇస్త్రీపెట్టెను ఈడిస్తే చదరం వంకరపోతుంది. ఎత్తి దించి అదిమితే కుట్టు కుదురుకుంటుంది, కొలత చెడదు.

మా అమ్మమ్మ నిప్పులు నింపిన ఇత్తడి చెంబును అతుకుపై ఆనించి ఎత్తేది, ఈడ్చేది కాదు. ఆమె బొంతలో 1960ల నాటి చీరాల చీరముక్క ఒకటున్నది. అప్పుడు చీరాల గుంటూరు జిల్లాలోది. 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాలో చేరింది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు వచ్చింది. 2022లో చీరాల బాపట్ల జిల్లాకు మారింది. ఊరి అతుకులు ఇన్నిమార్లు విప్పి కుట్టారు. అమ్మమ్మ అదిమిన ముక్క మాత్రం వంకరపోకుండా, కుట్టినచోటనే ఉన్నది.